ఘాట్ ఎక్కడానికి స్ప్రాకెట్‌లో ఒక పన్ను తగ్గించాలా?

ప్రశ్న: మాది విజయనగరం. రెడీమేడ్ బట్టల మూటలు బండి వెనక కట్టుకుని వారానికోసారి ఎస్.కోట మీదుగా అనంతగిరి, అరకు వైపు సంతలకు వెళ్తాను. మూటల బరువు 60 కిలోల దాకా ఉంటుంది. బండి 150 సీసీ, అయిదు గేర్లు, కార్బొరేటర్‌ది, ఏడేళ్ళ పాతది. బొడ్డవర దాటి ఘాట్ మొదలైందంటే మలుపుల దగ్గర మూడో గేరు లాగదు. 30 స్పీడుకి పడిపోతే టాకోమీటర్ (ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో చూపేది) 3,800 దగ్గర కొట్టుకుంటుంది. రెండో గేరు వేస్తే 5,100కి పోయి అరుస్తుంది. చైన్ తిరిగే పళ్ళ చక్రాలకి (స్ప్రాకెట్లకి) పళ్ళు లెక్కపెట్టాను: ముందు 15, వెనక 43. చైన్ 428 సైజు, 120 లింకులు. మామూలు రోడ్డు మీద టాప్ గేరులో 60కి 5,000 చూపిస్తుంది. ఎలాగూ చైన్ కిట్ (చైన్, రెండు స్ప్రాకెట్లు) మార్చే సమయం వచ్చింది. షెడ్డులో మేస్త్రి ముందు 14 వెయ్యమంటున్నాడు. ఇంకొకాయన 13 వేస్తే బండి ఎగురుతుందన్నాడు. మా బావ 16 వేస్తే మైలేజీ వస్తుందంటున్నాడు. నెలకి రెండుసార్లు సరుకు కోసం హైవే మీద విశాఖపట్నం వెళ్ళాలి. ఏది వెయ్యాలి? ఇంజన్ పాడవుతుందా? స్పీడోమీటర్ తప్పు చూపిస్తుందా?

సమాధానం: 14 వెయ్యొచ్చు. 13 వద్దు, 16 అసలే వద్దు. అయితే 14 వేసినా మీరు ఆశిస్తున్నంత మార్పు రాదు. మీకున్న ఇబ్బందిలో పెద్ద భాగం స్ప్రాకెట్ వల్ల వచ్చింది కాదని మీ ఉత్తరంలోని అంకెలే చెబుతున్నాయి. టాకోమీటర్ చూసి, పళ్ళు లెక్కపెట్టి రాశారు కాబట్టి జవాబు కూడా లెక్కతోనే చెప్పగలుగుతున్నాం.

వెనక పళ్ళని ముందు పళ్ళతో భాగించండి. 43ని 15తో భాగిస్తే 2.87. అంటే చిన్న స్ప్రాకెట్ 2.87 సార్లు తిరిగితే వెనక చక్రం ఒక్కసారి తిరుగుతుంది. ముందు 14 వేస్తే ఇది 3.07 అవుతుంది, 7 శాతం ఎక్కువ. చక్రం దగ్గర లాగే బలం ప్రతి గేరులోనూ 7 శాతం పెరుగుతుంది, అదే స్పీడుకి ఇంజన్ 7 శాతం ఎక్కువ తిరుగుతుంది. గునపం పొడవు పెంచినట్టే ఇది: బండరాయి తేలిగ్గా కదులుతుంది, కానీ చెయ్యి ఎక్కువ దూరం కదపాలి. ఇంజన్‌కి కొత్తగా ఒక్క గుర్రపు శక్తి కూడా చేరదు. ఉన్న శక్తి ఏ స్పీడు దగ్గర అందుతుందన్నదే మారుతుంది.

ఈ 7 శాతాన్ని మీ ఘాట్ మీద పెట్టి చూద్దాం. 30 స్పీడులో మూడో గేరు 3,800, రెండో గేరు 5,100. రెంటికీ నడుమ 1,300 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) ఖాళీ ఉంది. మూడో గేరులో ఇంజన్ ముక్కుతున్నది ఈ ఖాళీ వల్లే. 14 వేస్తే మూడో గేరులో 3,800 కాస్తా 4,070 అవుతుంది. 1,300లో 270 పూడినట్టు, అంటే దాదాపు అయిదో వంతు. మిగతా నాలుగు వంతులూ అలాగే ఉంటాయి. ఒక పన్ను తగ్గించడమంటే ఒక గేరు దించడం కాదు, గేరులో అయిదో వంతు దించడం. మూడో గేరు కొంచెం ముక్కుతూ ఎక్కే చోట 14 తేడా చూపిస్తుంది. మూడో గేరు పూర్తిగా చచ్చిపోయే మలుపులో మాత్రం 14 వేసినా రెండులోకి దిగక తప్పదు.

ఇక అవతలి వైపు ఏమేం ఉన్నాయో చూడండి. బండి 145 కిలోలు, మనిషి 70 కిలోలు అనుకుంటే 215. దాని మీద 60 కిలోల మూటలు. ఎత్తు మీద బండిని పైకి లాగడానికి కావలసిన బలం బరువుతో పాటే పెరుగుతుంది కాబట్టి మూటల వల్ల అది 28 శాతం పెరిగింది. ఎత్తు సంగతీ ఉంది. అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల పైన ఉంది. పైకి పోయేకొద్దీ గాలి పలచబడి, వంద మీటర్లకి ఇంజన్ శక్తి దాదాపు ఒక శాతం తగ్గుతుంది. ఘాట్ పైకి చేరేసరికి విజయనగరంలో ఉన్న శక్తిలో పదో వంతు దాకా తగ్గిపోతుంది. కార్బొరేటర్ బండికి పెట్రోలు మోతాదు దానంతటదే తగ్గదు కాబట్టి మిశ్రమం చిక్కబడి ఇంకాస్త బరువుగా నడుస్తుంది. బరువు 28 శాతం, గాలి 9–10 శాతం ఒకవైపు లాగుతుంటే, మీరు కొనబోయే పన్ను 7 శాతం ఇటు లాగుతుంది. పనికిరాదని కాదు, దాని పరిమితి ఇంత.

రెండో గేరులో 5,100కి పోయి అరుస్తోందని రాశారు. అది అరుపు కాదు, ఇంజన్ తన పని తాను చేస్తున్న చప్పుడు. 150 సీసీ బళ్ళలో చాలావాటికి గరిష్ఠ టార్క్ (తిప్పే బలం) 5,500 నుంచి 6,500 ఆర్‌పీఎం మధ్య వస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్‌కి సుఖమైన చోటు అదే. 3,800 దగ్గర థ్రాటిల్ మొత్తం తిప్పి మూడో గేరులో ముక్కించడమే దానికి నిజమైన కష్టం. పిస్టన్ మీద ఒత్తిడి ఎక్కువ, తిరగడం తక్కువ, ఇంజన్ వేడెక్కి టక్‌టక్ మని కొట్టుకోవడం అప్పుడే మొదలవుతుంది. మలుపులోకి వెళ్ళాక గేరు దించితే ఊపు చచ్చిపోతుంది కాబట్టి మలుపుకి ముందే, బండికి ఇంకా ఊపు ఉండగానే రెండులోకి దిగండి. 5,000కి 6,500కి మధ్య ఉంచి ఎక్కండి. మలుపు దాటి రోడ్డు చదునై టాకోమీటర్ 6,500కి చేరితే మూడు వెయ్యండి. ఈ ఒక్క అలవాటుతో వచ్చే తేడా 14 పళ్ళ స్ప్రాకెట్‌తో వచ్చేదానికి దాదాపు అయిదింతలు ఉంటుంది, పైసా ఖర్చు లేదు.

కిట్ కొనడానికి ముందు బండిని ఒకసారి పరీక్షించండి. ఏడేళ్ళ బండిలో లాగుడు తగ్గడానికి స్ప్రాకెట్ కంటే దగ్గరి కారణాలు చాలా ఉంటాయి. సెంటర్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో వెనక చక్రాన్ని చేత్తో తిప్పండి. విసిరి వదిలితే రెండు మూడు చుట్లయినా తేలిగ్గా తిరగాలి. వెంటనే ఆగిపోతే బ్రేక్ షూలు రాసుకుంటున్నాయి, లేదా చైన్ మరీ బిగుతుగా ఉంది, లేదా చక్రం బేరింగ్ పోయింది. డ్రమ్ బ్రేక్ బళ్ళలో షూలని తెరిచే క్యామ్‌కి గ్రీజు ఎండిపోయి షూ వెనక్కి రాకపోవడం మామూలే. ఘాట్ దిగాక డ్రమ్ చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే ఆశ్చర్యం లేదు. ఎక్కాక కూడా అంతే వేడిగా ఉంటే మీ పెట్రోలులో కొంత అక్కడే కాలిపోతోంది.

క్లచ్ పరీక్ష ఘాట్ మీదే చెయ్యాలి. బరువుతో మూడో గేరులో ఎక్కుతూ థ్రాటిల్ ఒక్కసారి పూర్తిగా తిప్పండి. టాకోమీటర్ ముల్లు పైకి లేచి స్పీడు మాత్రం పెరగకపోతే క్లచ్ జారుతోంది. ముందుగా లివర్ దగ్గర ఆట (వదులు) సరిగా ఉందో లేదో చూడండి. ఆట అసలు లేకపోతే క్లచ్ సగం నొక్కి ఉన్నట్టే, దాన్ని సరిచేస్తే చాలు. ఆట ఉండి కూడా జారితే ప్లేట్లు అయిపోయాయి. ఈ విషయంలో ఒక చిక్కుంది: 14 వేస్తే అదే ఎత్తుకి క్లచ్ మీద పడే భారం 7 శాతం తగ్గుతుంది కాబట్టి జారడం కొన్నాళ్ళు కనిపించదు. బండి బాగుపడిందనుకుంటారు. ప్లేట్లు లోపల అరుగుతూనే ఉంటాయి. అందుకే క్లచ్ సంగతి తేల్చాకే స్ప్రాకెట్ జోలికి వెళ్ళండి.

ఎయిర్ ఫిల్టర్ విప్పి చూడండి. సంతల దారిలో ఎర్రమట్టి దుమ్ము తిన్న ఫిల్టర్, ఎత్తులో అసలే పలచనైన గాలిని ఇంకా ఆపుతుంది. స్పాంజి ఫిల్టరైతే కిరోసిన్‌లో కడిగి, పిండి, ఆరబెట్టి, కొద్దిగా ఇంజన్ ఆయిల్ పట్టించి పెట్టొచ్చు. కాగితం ఫిల్టరైతే కడగకూడదు, మార్చాలి. ప్లగ్గు విప్పితే మొన నల్లగా మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోందని గుర్తు. చోక్ కేబుల్ సగంలో ఇరుక్కున్నా ఇలాగే మసి కడుతుంది. వాల్వుల దగ్గరి ట్యాపెట్ల సందు సరిచూపించండి. టైర్లలో గాలి, బరువుకి తగినట్టు బండి పుస్తకంలో రాసినంత పెట్టించండి. వెనక టైరులో గాలి తక్కువైతే ఎక్కడమూ కష్టమే, మలుపులో బరువుతో బండి ఊగడమూ ప్రమాదమే.

ఇవన్నీ సరిగా ఉన్నాయనుకుందాం. చైన్ కిట్ ఎలాగూ మార్చాలన్నారు కాబట్టి స్ప్రాకెట్ ప్రయోగానికి ఇదే తగిన సమయం. పాత చైన్ మీద కొత్త 14 మాత్రమే వెయ్యడం తప్పు. అరిగిన చైన్‌లో పిన్నుకీ పిన్నుకీ మధ్య దూరం పెరిగి ఉంటుంది, కొత్త పళ్ళ మధ్య దూరం అచ్చంగా 12.7 మి.మీ. రెండూ కలవక రోలర్లు పన్ను మొదట్లో కాక అంచు దగ్గర కూర్చుని, కొత్త పళ్ళని త్వరలోనే కొక్కేల్లా వంచేస్తాయి. మీ చైన్ నిజంగా అయిపోయిందో లేదో కొలవడం తేలిక. కింది వైపు చైన్‌ని గట్టిగా లాగి పట్టి, ఒక పిన్ను మధ్య నుంచి లెక్క మొదలుపెట్టి 21వ పిన్ను మధ్య దాకా స్కేలు పెట్టండి. నడుమ 20 లింకులు, కొత్త చైన్‌కి 254 మి.మీ. రావాలి. 257కి చేరితే మార్చేయండి. వెనక స్ప్రాకెట్ వెనక అంచు దగ్గర చైన్‌ని చేత్తో వెనక్కి లాగితే పన్ను సగం బయటపడినా అదే మాట.

కొనేటప్పుడు 15, 43 పళ్ళ మామూలు కిట్ కొని, దాంతో పాటు 14 పళ్ళ చిన్న స్ప్రాకెట్ ఒకటి విడిగా తీసుకోండి. కిట్ ధరలో చిన్న స్ప్రాకెట్ వాటా తక్కువే. మొదట 14 వేసి ఘాట్‌కీ, హైవేకీ కొన్నిసార్లు వెళ్ళి రండి. నచ్చకపోతే అరగంటలో 15కి వెనక్కి రావచ్చు. రెండూ కొత్త చైన్‌తోనే నడిచాయి కాబట్టి నష్టం లేదు. విడి స్ప్రాకెట్ కొనేటప్పుడు మీ పాతదాన్ని చేత పట్టుకెళ్ళి, లోపలి గాడులు షాఫ్ట్‌కి సరిపోతాయో, మందం సమానమో, చైన్ సైజు 428 అని ఉందో పక్కపక్కన పెట్టి చూసుకోండి. 520 చైన్ స్ప్రాకెట్‌లో పళ్ళ మధ్య దూరం 15.875 మి.మీ. దాని మీద 428 చైన్ కూర్చోదు.

ముందు తగ్గించే బదులు వెనక పెంచినా అదే ఫలితం వస్తుంది. ముందు ఒక పన్ను తీసెయ్యడమూ వెనక మూడు పళ్ళు చేర్చడమూ దాదాపు ఒకటే: 46ని 15తో భాగిస్తే 3.07. చైన్ ఆరోగ్యం దృష్ట్యా వెనక పెంచడమే మేలు. చిన్న స్ప్రాకెట్ ఇంకా చిన్నదైతే ప్రతి లింకూ ఎక్కువగా వంగుతుంది, అదే ఇంజన్ బలానికి చైన్ మీద లాగుడు 7 శాతం పెరుగుతుంది. వెనకది పెద్దదైతే ఈ రెండూ ఉండవు. కానీ ఖర్చు ఎక్కువ, వెనక చక్రం విప్పాలి, కోరిన పళ్ళ స్ప్రాకెట్ ప్రతి బండికీ దొరకదు. పైగా 45 వేస్తే దాని అంచు 43 కంటే చుట్టూ 4 మి.మీ. పైకి వస్తుంది. చైన్ పూర్తిగా కప్పేసే కవరున్న బండిలో లోపల రాసుకునే అవకాశం ఉంది. 14 కొంచెం ఎక్కువైంది, 15 కొంచెం తక్కువైంది అనిపిస్తే అప్పుడు 15, 45 గురించి ఆలోచించండి. అది 3.00, అంటే ఇప్పటి కంటే 4.7 శాతం ఎక్కువ, రెంటికీ నడుమ.

పళ్ళ లెక్కలో ఇంకో చిన్న విషయం, దీని మీదే నిర్ణయం తీసుకోనక్కర్లేదు. 120 లింకుల చైన్, 15 పళ్ళ స్ప్రాకెట్ ఉంటే 120ని 15 శేషం లేకుండా భాగిస్తుంది కాబట్టి ప్రతి లింకూ ప్రతి చుట్టులోనూ అదే పంటి మీద పడుతుంది. ఒక లింకు చెడితే అదే పన్ను ఎక్కువ అరుగుతుంది. 14 వేస్తే అలా జరగదు, అరుగుదల కాస్త సమంగా పంచుకుంటుంది. వెనక 43 ప్రధాన సంఖ్య కావడమూ ఇలా కలిసొచ్చేదే. 45 వేస్తే ముందు 15 ఉన్నచోట మూడింతలు కచ్చితంగా సరిపోయి ఈ లాభం పోతుంది.

చైన్ పొడవు సరిపోతుందా అంటే, ముందు ఒక పన్ను తగ్గితే చైన్ కొంచెం వదులై వెనక యాక్సిల్ సుమారు 3 మి.మీ. వెనక్కి జరపాల్సి వస్తుంది. అడ్జస్టర్‌లో కొత్త చైన్‌కి అంత చోటు ఎప్పుడూ ఉంటుంది. వెనక రెండు పళ్ళు పెంచితే మాత్రం చక్రం సుమారు 7 మి.మీ. ముందుకి రావాలి. కొత్త చైన్ అడ్జస్టర్‌లో ముందువైపే కూర్చుంటుంది కాబట్టి ఇది కొన్ని బళ్ళలో సాధ్యం కాదు. అప్పుడు 122 లింకుల చైన్ కావాలి. లింకులు ఎప్పుడూ జతగా రెండేసి చేర్చాలి. ఒక్క లింకు కోసం సగం లింకు కలిపే పద్ధతి చైన్‌లో బలహీనమైన చోటు తయారు చేస్తుంది, బరువుతో ఘాట్ ఎక్కే బండికి అది వద్దే వద్దు.

13 ఎందుకు వద్దో చెప్పాలి. 43ని 13తో భాగిస్తే 3.31, ఇప్పటి కంటే 15 శాతం ఎక్కువ. మొదటి గేరు ఇట్టే అయిపోతుంది, ప్రతి సిగ్నల్ దగ్గరా రెండు అడుగులకే గేరు మార్చాలి. హైవే మీద 80కి ఇంజన్ ఇప్పుడు 6,670 తిరుగుతుంటే 13తో 7,700 తిరుగుతుంది, గంటసేపు ఆ మోత, అదురు భరించాలి, పెట్రోలు కూడా పోతుంది. చిన్న స్ప్రాకెట్ వల్ల చైన్ కిందకి దిగి, వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ మీద ఉండే రబ్బరు పట్టీని రాసుకుంటుంది. ఆ పట్టీ అరిగిపోతే చైన్ ఇనుమునే కోస్తుంది. 14తో కూడా చైన్ అక్కడ 2 మి.మీ. కిందకి దిగుతుంది, కాబట్టి కిట్ మార్చేటప్పుడే ఆ పట్టీ చూసి, గాడి పడి ఉంటే కొత్తది వేయించండి.

16 విషయంలో మీ బావగారి మాట ఒంటరిగా, బరువు లేకుండా, చదును రోడ్డు మీద 50–60లో నడిపే మనిషికి కొంతవరకు సరిపోతుంది. అది 2.69, ఇంజన్ 6 శాతం నెమ్మదిగా తిరుగుతుంది. మీ బండికి అది ఎదురు తిరుగుతుంది. ఇప్పుడే ముక్కుతున్న మూడో గేరు 30 దగ్గర 3,560కి పడిపోతుంది, మీరు ఇంకా ఎక్కువసేపు రెండులోనే ఉంటారు, థ్రాటిల్ ఇంకా ఎక్కువ తెరుస్తారు. మైలేజీ మిగలదు.

హైవే కోసం 14 లెక్క ఇది: 60కి 5,000 ఉన్నది 5,360 అవుతుంది, 80కి 6,670 ఉన్నది 7,140. నెలకి రెండుసార్లే కాబట్టి తగరపువలస దగ్గర హైవే ఎక్కాక 70 లోపు నడపడం అలవాటు చేసుకుంటే భరించదగిందే. మీ ప్రయాణంలో ఎక్కువ భాగం హైవేనే అయ్యుంటే 15 ఉంచుకుని గేరు దించి ఎక్కమనే చెప్పేవాళ్ళం.

స్పీడోమీటర్‌కి కేబుల్ ఎక్కడి నుంచి వస్తోందో చూడండి. ముందు చక్రం హబ్ నుంచి వస్తే స్ప్రాకెట్ ఏది వేసినా రీడింగ్ మారదు. కొన్ని బళ్ళలో సెన్సర్ ముందు స్ప్రాకెట్ దగ్గర, గేర్‌బాక్స్ షాఫ్ట్ మీద ఉంటుంది. అలాంటి బండికి 14 వేస్తే స్పీడూ, కిలోమీటర్లూ రెండూ 7 శాతం ఎక్కువ చూపిస్తాయి. అసలు 93 కిలోమీటర్లు తిరిగితే 100 అంటుంది. కిలోమీటర్లు ఎక్కువ చూపించే బండిలో మైలేజీ కూడా ఎక్కువ వచ్చినట్టు కనిపిస్తుంది. 14 వేశాక మైలేజీ పెరిగిందని ఎవరైనా చెబితే ముందు ఈ సంగతి అడగండి.

ఇంజన్ పాడవుతుందా అని అడిగారు. 14 వల్ల పాడవదు. టాకోమీటర్ మీది రెడ్ లైన్ (ఎర్ర గీత) దాటకుండా నడిపే ఇంజన్‌కి కొంచెం ఎక్కువ తిరగడం కంటే తక్కువ ఆర్‌పీఎంలో ముక్కడమే ఎక్కువ హాని. దిగేటప్పుడు ఒక లాభం కూడా ఉంది. గేరులో థ్రాటిల్ వదిలితే ఇంజన్ బండిని పట్టి ఆపే బలం 7 శాతం పెరుగుతుంది, వెనక డ్రమ్ తక్కువ వేడెక్కుతుంది. ఎక్కిన గేరులోనే దిగండి, ఘాట్‌లో న్యూట్రల్ వేసి దిగే అలవాటు ఉంటే ఈ రోజే మానేయండి. 60 కిలోల మూటలతో బ్రేకు ఒక్కదాన్నే నమ్ముకోవడం ప్రాణం మీదకి తెచ్చుకోవడమే.

బిగించేటప్పుడు మేస్త్రి పక్కన ఉండి ఇవి చూడండి. చైన్ విప్పకముందే ముందు స్ప్రాకెట్ బోల్టులు వదులు చెయ్యాలి. గేరు వేసి, వెనక బ్రేకు నొక్కి పట్టి తిప్పితే తేలిగ్గా వస్తాయి. చైన్ తీసేశాక సుత్తితో కొడుతూ తిప్పితే గేర్‌బాక్స్ షాఫ్ట్ మీద దెబ్బ పడుతుంది. ఎడమవైపు కవర్ లోపల ముద్దకట్టిన గ్రీజు, మట్టి మొత్తం గీకి, కిరోసిన్‌తో తుడవాలి. అక్కడ షాఫ్ట్ ఆయిల్ సీలు చెమ్మగా ఉంటే ఇప్పుడే మార్చండి, మళ్ళీ విప్పే పని తప్పుతుంది. స్ప్రాకెట్ ఏ ముఖం బయటికి ఉందో విప్పేటప్పుడే గుర్తు పెట్టుకోవాలి. తిరగేసి వేస్తే చైన్ రెండు స్ప్రాకెట్ల మధ్య పక్కకి వంగి నడిచి, పళ్ళని ఒకవైపు కోరేస్తుంది. లాక్ ప్లేటు బోల్టులు చిన్నవి, స్పానర్‌కి పైపు తగిలించి బిగిస్తే తెగుతాయి. బోల్టు మరలకి వదులు కాకుండా పట్టే లాక్ మందు ఒక చుక్క వేసి, పుస్తకంలో రాసినంతే బిగించాలి.

వెనక చక్రం విప్పినప్పుడు హబ్ లోపల కుషన్ రబ్బర్లు చూడండి. స్ప్రాకెట్‌ని పట్టి ముందుకీ వెనక్కీ తిప్పితే గట్టిగా ఉండాలి. లొడలొడలాడితే రబ్బర్లు పిండయ్యాయి. అవి మార్చకుండా కొత్త కిట్ వేస్తే థ్రాటిల్ తిప్పిన ప్రతిసారీ చైన్‌కి దెబ్బ తగులుతుంది. స్ప్రాకెట్ నట్లు ఎదురెదురుగా బిగించి, లాక్ రేకులు మడవాలి. చైన్ లాక్ క్లిప్పు మూసి ఉన్న వైపు చైన్ కదిలే దిశకి ఉండాలి. తిరగేసి వేస్తే దారిలో ఏదో ఒకనాడు క్లిప్పు ఊడి, చైన్ తెగి, ఇంజన్ కేస్ పగలగొడుతుంది. అడ్జస్టర్ గీతల్ని మాత్రమే నమ్మొద్దు. స్వింగ్ ఆర్మ్ మధ్య బోల్టు నుంచి యాక్సిల్ మధ్య దాకా రెండువైపులా దారంతో కొలిచి సమానం చెయ్యండి.

చైన్ ఆట ఈ తరగతి బళ్ళకి సాధారణంగా 20 నుంచి 30 మి.మీ. మీ బండి పుస్తకంలో ఉన్నదే ప్రమాణం. చక్రాన్ని తిప్పుతూ నాలుగైదు చోట్ల చూసి, అన్నిటికన్నా బిగుతుగా ఉన్న చోట ఆ ఆట ఉండేలా పెట్టాలి. మీకు ఇది మరీ ముఖ్యం. మూటలు వేసి మీరు కూర్చున్నాక షాకులు కుంగుతాయి. ముందు స్ప్రాకెట్, స్వింగ్ ఆర్మ్ బోల్టు, వెనక యాక్సిల్ మూడూ ఒకే గీత మీదకి వచ్చేసరికి చైన్ అన్నిటికంటే బిగుస్తుంది. ఖాళీ బండికి బిగుతుగా పెట్టిన చైన్ బరువుతో గుంతలో పడగానే తీగలా బిగిసి, గేర్‌బాక్స్ బేరింగ్‌నీ ఆయిల్ సీలునీ లాగేస్తుంది. బిగించాక ఒకసారి మూటలు కట్టి, మిమ్మల్ని కూర్చోబెట్టి, పక్కన ఇంకొకరు చైన్ పట్టుకుని చూస్తే ఇంకా కొంత ఆట తగలాలి.

కొత్త చైన్ మొదట్లో కొంత సాగుతుంది కాబట్టి 500 కి.మీ. దగ్గర ఆట మళ్ళీ సరిచేసి, స్ప్రాకెట్ బోల్టులు ఒకసారి పట్టించండి. ఓ-రింగులు (పిన్నుల దగ్గర రబ్బరు వలయాలు) లేని మామూలు చైన్‌కి 90 నంబరు గేర్ ఆయిల్ చాలు. ప్రతి 500 కి.మీ.కీ, వానలో తిరిగి వచ్చిన ప్రతిసారీ, కిరోసిన్‌తో మెత్తని బ్రష్‌తో తుడిచి, బండి వెచ్చగా ఉన్నప్పుడు లోపలివైపు నుంచి రోలర్లకి పట్టించి, రాత్రంతా వదిలేసి, పొద్దున్న పైపైన మిగిలింది గుడ్డతో తుడిచేయండి. వాడేసిన ఇంజన్ ఆయిల్ పూయడం మానండి. అందులోని ఇనుప రజను పిన్నుల్ని లోపలి నుంచి అరగదీస్తుంది.

14 ఉంచాలా, 15కి రావాలా అన్నది తేల్చడానికి ట్యాంకు నిండా పోయించి, అదే మూటల బరువుతో విజయనగరం నుంచి అరకు వెళ్ళి వచ్చి, అదే బంకులో మళ్ళీ నిండా పోయించండి. 15తో ఒకసారి, 14తో ఒకసారి. పెట్రోలు లీటర్లు రాసుకోండి, ఏ మలుపులో ఏ గేరు పట్టిందో కూడా రాసుకోండి. స్పీడో కేబుల్ గేర్‌బాక్స్ దగ్గరదైతే కిలోమీటర్లని కాక లీటర్లనే పోల్చండి, దారి ఒకటే కదా. 14తో లీటర్లు పెరగకుండా, మీరు రెండులోకి దిగే మలుపులు తగ్గితే 14 ఉంచేయండి.